ఎనుక సీట్ల గుడ్లు

ఆరు దినాలు ఈ కారుకు ఎనుక సీటుండది.
మడిచి, దాని మీద గుడ్ల ట్రేలు పేరుస్త,
పరకాల ఫారం నుంచి కాజీపేట స్టేషను హోటళ్ల దాక,
తెల్లారకముందే.

ఏడో దినం ట్రేలు దింపి, వరిగడ్డి దులిపి
హెల్మెట్ పెట్టుకుంట.
ఎండకాలం మూసిన పత్తి మిల్లు,
దాని సిమెంటు కళ్లమే మా ట్రాకు.
ఇసుక నింపిన రంగు డబ్బాలే మలుపులు.
వాచీ పట్టేది మిల్లు గుమస్తా వీరమల్లు.
క్లచ్చు తెల్వదు, బ్రేకు తెల్వదు ఆయనకు,
సెకనుల పదోవంతును మాత్రం
మిత్తి లెక్క వదలడు.

పోయిన ఆదివారం
నాలుగో డబ్బా కాడ ముక్కు తిరగలె.
స్టీరింగు ఎంత తిప్పినా నిటారుగనే పోయింది.
బుగులైతే కాలు తీసిన.
అప్పుడు తోక లేచింది.
మూడు డబ్బాలు, ఒక తలుపు.

ములుగు రోడ్డు షెడ్డుల సర్వర్ భాయ్
కారు లేపి కింద పండుకున్నడు. మాట్లాడడు.
షాకబ్జర్ మీద వేలు రాసి
నా ముంగట పెట్టిండు. నూనె.
"ఇది ఎప్పటి సంది ఏడుస్తున్నదో, చెల్లె.
నువ్వే ఇనలె."

కొమ్రెల్లికి పంతొమ్మిదేండ్లు, ఫోన్ల అన్నీ సూసిండు:
"స్ప్రింగు రెండు సుట్లు కోద్దాం అక్కా,
కారు నేలను నాకుతది."
కింద నుంచే పానా ఇసిరిండు భాయ్, తాకకుండ.
"కోసిన స్ప్రింగుకు కోపమెక్కువ, నడక తక్కువ.
గుంతల వడ్డప్పుడల్ల అడుగుకు కొట్టుకొని
నిన్ను గాలిల ఇడిసిపెడ్తది."

చిట్టి ఎత్తిన పైసలు ముప్పై ఎనిమిది వేలు.
ఎత్తు, గట్టిదనం రెండూ తిప్పుకునే సెట్టుకు
ఇంకో చిట్టి కావాలె.
పాలీ బుష్షులు మలుపుల మాట ఇంటయి గని
ఊర్లె కిర్రుమంటయి,
ప్రతి గులకరాయి పేరు నడుముకు చెప్తయి.
ఎనుక అడ్డకడ్డీ లావుది ఏస్తే
ముక్కు తిరుగుతది, తోక తేలికైతది.
"ఎండల మంచిగనే. వాన వడ్డ కాజీపేట బ్రిడ్జి మీద?"
అని ఆగిండు.
జూలై, నాలుగున్నర, బ్రిడ్జి దిగుడు,
లారీ ఒలికిచ్చిన డీజిలు యాదికొచ్చింది.
కడ్డీ వద్దన్న.

స్ప్రింగులు ఒక మెట్టు గట్టియి,
బుష్షులు కంపెనీ రబ్బరే, కొత్తయి.
పైసలన్నీ షాకులకే పోయినయి,
మీట తిప్పితే బిగిసేటియి, పద్దెనిమిది టిక్కులు.
"ఎన్ని టిక్కుల మీద పెట్టాలె భాయ్?"
"గుడ్లనడుగు."

అడిగిన.
ఎనిమిది మీద, ఆత్మకూరు స్పీడ్ బ్రేకరు కాడ
పదకొండు పగిలినయి.
ఆరు మీద నాలుగు.
మూడు మీద ఒక్కటి, అదీ పల్చటి పెంకుది.
రెండు మీద ఏం పగల్లె గని
కారు తొట్టెల లెక్క ఊగి
నాకే కడుపుల తిప్పింది.
మూడు.

పగిలినయన్నీ గిన్నెల పట్టుకొస్తే
కొమ్రెల్లి మిరపకాయ కోసి
వెల్డింగు బల్ల పక్కన అట్టు పోసిండు.
"ముప్పై ఏండ్ల సర్వీసుల
పరీక్ష పెట్టి, పేపరు తిన్నది ఇదే మొదలు"
అన్నడు భాయ్, ఉప్పు తక్కువైందని కూడ అన్నడు.

ఆదివారం మూడు నుంచి పన్నెండుకు తిప్పిన.
నాలుగో డబ్బా. ముక్కు లోపలికొచ్చింది.
కాలు తీద్దామని పాదం గుంజింది. తియ్యలె.
తోక జానెడు జరిగి, కూసున్నది.
వీరమల్లు వాచీ సూసి, రుద్ది, మళ్ల సూసిండు.
"గుడ్లక్కా, సెకను మీద నాలుగు పదోవంతులు మిగిల్నయి."
మిగిల్నయి అన్నడు, నా సేతుల పెడ్తున్నట్టే.

సోమవారం, చీకటి, ఆత్మకూరు.
మొదటి బ్రేకరు మీద ఎనుక నుంచి
సన్నటి చప్పుడు.
ఆపి, ట్రేల నడుమ చెయ్యి పెడితే వేళ్లకు సొన.
పన్నెండు మీదనే మరిసిన.
టార్చి పండ్ల నడుమ పట్టుకొని
చక్రం పక్కన మోకాళ్ల మీద కూసున్న.
ఎనుకకు తొమ్మిది టిక్కులు.
అయిదో, ఆరో... లారీ పోయింది, లెక్క తప్పింది.
మళ్ల మొదటి నుంచి.